ద్రాక్షపండుగలో కెమెరా

భోజనం చేస్తున్న మనిషిని తేరిపార చూడరాదని మన పెద్దవారు చెప్పుతూ ఉండేవారు. పసిపిల్లవాడు బువ్వ తింటూ ఉండగా ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడితే, వారు వెళ్ళిన తరువాత ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీయటం చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నది. దీనిని మూఢాచారమని త్రోసివేయవచ్చును. అయినా దీని అడుగున ఒక మర్యాద దాగి ఉన్నది. ముద్ద నోటికి అందే క్షణంలో మనిషి ముఖం అతని స్వాధీనంలో ఉండదు. కనులు సగం మూసుకుంటవి, దవడ క్రిందికి దిగుతుంది, నలుగురిలో మసలేటప్పుడు మనం తెచ్చిపెట్టుకునే గాంభీర్యం కాస్తా జారిపోతుంది. ఆ సమయంలో పరాయివాని చూపు మనమీద పడటం ఎవరికీ రుచించదు. ఇటలీ దేశస్థులకు కూడా చెడ్డచూపు అంటే భయమే. దానిని వారు 'మలోక్యో' అంటారు. దానికి విరుగుడుగా ఎర్రని కొమ్ము ఆకారంలో ఉండే చిన్న తాయెత్తును ధరించటం నేపుల్సు ప్రాంతంలో నేటికీ కనిపిస్తుంది. అటువంటి దేశంలోనే ఏటా ఊరూరా జనం వీధులలో నిలబడి తింటారు, త్రాగుతారు; కెమెరాలు వారిని చూస్తూ ఉంటవి. ఆ చూపు ఎటువంటిదై ఉండవలెను అన్నది ఈ ప్రసంగానికి విషయం.

ఇటలీలో ఇటువంటి పండుగకు 'సాగ్రా' అని పేరు. 'పవిత్రమైనది' అనే అర్థం గల లాటిను మాట దీనికి మూలం. మొదట ఇది ఊరి చర్చి ప్రతిష్ఠాదినాన జరిగే ఉత్సవం. రానురాను ఆ ఊళ్ళో పండే పంటకో, వండే వంటకో అంకితమైపోయింది. జెనోవా సమీపాన కమోలీ అనే చిన్న రేవు ఉన్నది. అక్కడ మే నెలలో, మనిషి నిలువును మించిన వెడల్పు గల పెనంలో చేపలు వేయించి జనానికి పంచే ఆచారం 1952లో మొదలైంది. వెరోనా నగరంలో బంగాళాదుంపల ముద్దలకు ఒక పండుగ ఉన్నది. ఆ ఊరేగింపులో తెల్లగడ్డం పెద్దాయన పెద్ద ఫోర్కును రాజదండంలాగా పట్టుకుని నడుస్తాడు. నేను వీటినన్నిటినీ వదలి ఒక్క ఊరినే తీసుకుంటాను. ఆ ఊరిపేరు మరీనో.

మరీనో రోము నగరానికి ఆగ్నేయంగా, అల్బన్ కొండలమీద, ఒక అగ్నిపర్వత సరస్సు పక్కన ఉన్నది. రోమునుంచి ఇరవైకి పైచిలుకు కిలోమీటర్లు. అగ్నిపర్వతపు మట్టి కనుక ద్రాక్ష బాగా పండుతుంది. తెల్లని ద్రాక్షాసవానికి ఆ ఊరు పేరుపొందినది. అక్టోబరు నెల మొదటి ఆదివారంనాడు అక్కడ 'సాగ్రా దెల్లూవా', అనగా ద్రాక్షపండుగ జరుగుతుంది. లెయోనె చిప్రెల్లి అనే రోము కవి పూనికతో 1925లో ఇది ఆరంభమైంది. అదే సంవత్సరం వసంతకాలంలో జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో లైకా అనే కెమెరాను మొదటిసారిగా అమ్మకానికి పెట్టారు. సినిమా ఫిలిముతో పనిచేస్తూ కోటుజేబులో ఇమిడిపోయే ఆ యంత్రం వచ్చిన తరువాతనే, జనంలో కలిసిపోయి నడుస్తూ ఫోటోలు తీయటం ఒక విద్యగా వృద్ధి పొందింది. చేతిలో పట్టుకునే కెమెరాలు అంతకుముందు లేకపోలేదు గాని, అంత చురుకుగా, అంత చడీచప్పుడు లేకుండా పనిచేసేవి అరుదు. పండుగా కెమెరా ఒకే ఏడు పుట్టటం కాకతాళీయమే. అయినా చెప్పుకొనదగిన కాకతాళీయం.

పండుగకు పైకి కనిపించే కథ ఒకటి ఉన్నది. 1571 అక్టోబరు 7వ తేదీన లెపాంటో వద్ద జరిగిన నౌకాయుద్ధంలో తురుష్కుల నౌకాబలం ఓడిపోయింది. ఆ యుద్ధంలో పోపుగారి ఓడలకు నాయకుడు మార్కాంటోనియో కొలొన్నా. మరీనో ఆయన వంశీయుల ఏలుబడిలోని ఊరు. ఆయన విజయుడై తిరిగిరావటాన్ని ఏటా ఆ పండుగలో ఊరేగింపుగా ప్రదర్శిస్తారు. మఖమలు దుస్తులు, గుర్రాలు, జెండాలు, డప్పులు. ఆ ఊరేగింపు ముగిసి పొద్దు వాలిన తరువాత జనమంతా దేనికోసం వచ్చారో అది జరుగుతుంది: కూడలిలోని ఫౌంటెనునుంచి నీటికి బదులు ద్రాక్షాసవం పారుతుంది. ఎవరు కావాలంటే వారు గ్లాసు పట్టుకోవచ్చును. పైసా ఇవ్వనక్కరలేదు. (ఈ మాట విని ఏ శ్రోత అయినా ప్రయాణం కట్టదలచుకుంటే ఆ బాధ్యత ఈ కేంద్రానిది కాదని మనవి.)

ఇక ఫోటోల సంగతి. ఇటువంటి పండుగలో ఫోటో తీయటం సులభమని తోస్తుంది. ఎటు తిరిగినా రంగులే. బాల్కనీలనుంచి వ్రేలాడే ద్రాక్షగుత్తులు, అలంకరించిన బండ్లు, పాతకాలపు వేషాలు. నిజానికి ఇదే చిక్కు. పండుగ అనేది తన్ను తాను చూపించుకొనటానికి సిద్ధమై వచ్చినది. అది చూపదలచిన దానినే తీసుకుని వస్తే, ఆ ఊరి పురపాలకసంఘం అచ్చువేసే ప్రకటనపత్రానికీ మన ఫోటోకూ భేదం ఉండదు. ఈ ప్రమాదం ఇటలీలో ఒకప్పుడు చాలా దూరం పోయింది. ముస్సోలినీ ప్రభుత్వం 1930లో దేశమంతటా ద్రాక్షపండుగలు జరపవలెనని నిర్ణయించింది. ద్రాక్ష అమ్మకాలు పెంచటం ఒక ప్రయోజనం. పల్లెప్రజలు సుఖసంతోషాలతో ఉన్నారని లోకానికి చూపటం మరొకటి. నెత్తిన ద్రాక్షబుట్టతో చిరునవ్వు నవ్వే పల్లెపడుచు ఆ కాలపు ప్రచారచిత్రాలకు ముద్రవంటిది అయింది. ఆ పడుచు ఆ రోజు కూలి ఎంత పుచ్చుకున్నదో, ఆ బుట్ట బరువెంతో ఆ చిత్రాలవల్ల తెలియదు. మంచి వీధి ఛాయాగ్రాహకుడు ఆ బుట్టను దించుకుని మెడ రుద్దుకునేవరకు ఆగుతాడు.

మరీనోలో మరొక చిక్కు ఉన్నది. ఇది నాకు అక్కడ నిలబడిన తరువాత గాని తట్టలేదు. ఆ ఊరి వైను తెల్లనిది, లేతగడ్డి రంగు. ఫౌంటెనులోనుంచి సన్నని ధారగా పడుతూ ఉంటే, సాయంకాలపు వెలుగులో అది అచ్చంగా నీరువలె ఉంటుంది. ఫోటోలో వాసన రాదు, రుచి రాదు. ఎంత స్పష్టంగా తీసినా అది మంచినీటి కుళాయిముందు గుమిగూడిన జనంగానే కనిపిస్తుంది. అక్కడ జరుగుతున్న వింత అంతా ఆ ధారలో కాక ఆ ధారను అందుకుంటున్న మనుషులలో ఉన్నది. నీళ్ళు పట్టుకునేవాడు గ్లాసు నిండగానే ఇవతలికి వచ్చేస్తాడు. వైను పట్టుకునేవాడు మొదట ఒకసారి గ్లాసులోకి చూస్తాడు; మూతి దగ్గరకు తెచ్చి వాసన పీలుస్తాడు; పక్కవానివైపు ఒక చూపు చూస్తాడు, 'నిజమేనా' అన్నట్లు. ఆ చూపు దొరికితేనే అది వైను అని ఫోటో చెప్పగలదు.

నేను వెళ్ళిన సంవత్సరం ఫౌంటెనుకు ఎదురుగా ఒక మెట్టు దొరికింది. గంటన్నరసేపు అక్కడనుంచి కదలలేదు. ఒక వృద్ధుడు, బహుశా ఎనభై దాటి ఉంటవి, కాగితపు గ్లాసు వద్దని ఇంటినుంచి గాజుగ్లాసు తెచ్చుకున్నాడు, శుభ్రమైన చేతిరుమాలులో చుట్టుకుని. వరుసలో ఉన్న కుర్రవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఆయనకు దారి ఇచ్చారు. గ్లాసు నింపుకుని ఆయన త్రాగలేదు. వెనుకకు తిరిగి, గోడవారగా కుర్చీలో కూర్చుని ఉన్న భార్యకు తీసుకువెళ్ళి ఇచ్చాడు. ఆమె రెండు గుక్కలు త్రాగి తిరిగి ఇచ్చింది. నేను ఆ గ్లాసు చేతులు మారే క్షణంలో ఒక ఫోటో తీసుకున్నాను. ఇద్దరి ముఖాలూ అందులో లేవు. నాలుగు చేతులు, ఒక గాజుగ్లాసు, నేలమీద పడిన రుమాలు ఉన్నవి. నా దగ్గర ఉన్న ఆ ఊరి ఫోటోలలో నాకు ఇష్టమైనది అదే.

తినేవారి నోటికన్నా ఇచ్చేవారి చేయి ఎక్కువ చెబుతుందని ఆ రోజంతా తిరిగినమీదట నాకు నమ్మకం కలిగింది. అంగళ్ళలో నిలువునా కాల్చిన పందిని, తలతోసహా, బల్లమీద పెట్టి కోసి అమ్ముతూ ఉంటారు. పక్కఊరైన అరిచ్చా దానికి ప్రసిద్ధి. వచ్చినవారంతా ఆ తలను ఫోటో తీసుకుంటారు. తీసుకోనివ్వండి. కత్తి పట్టుకున్న మనిషి రొట్టెలో ముక్కలు పేర్చి, చివర కరకరలాడే చర్మపు పెళ్ళ ఒకటి అదనంగా వేసి, కొనేవాని ముఖంలోకి చూచే చూపును మాత్రం పట్టించుకునేవారు తక్కువ. మరొక బల్లమీద ద్రాక్షరసంతో పిండి కలిపి, ఎండుద్రాక్ష వేసి, వలయాకారంగా కాల్చిన రొట్టెలు ఉంటవి. కోతకాలంలో మాత్రమే చేసే పిండివంట అది. కొనేవారు దానిని చేతికి గాజువలె తొడుగుకుని నడిచిపోతారు. పిల్లలయితే మరీను.

2008 నాటి పండుగలో జరిగిన ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ సంవత్సరం గొట్టాలు కలపటంలో ఎక్కడో పొరపాటు జరిగింది. జనమంతా గ్లాసులు పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటే ఫౌంటెనునుంచి నీళ్ళే వచ్చినవి. అదే సమయంలో దగ్గరలోని కొన్ని ఇళ్ళలో వంటగది కుళాయి తిప్పితే ద్రాక్షాసవం వచ్చింది! ఈ వార్త ప్రపంచమంతా ప్రాకింది. కూడలిలో అన్ని కెమెరాలు ఉండి కూడా, అసలు వింత జరిగిన చోట, అనగా ఎవరో ఇల్లాలు గిన్నె కడుగుదామని కుళాయి తిప్పిన చోట, ఒక్క ఛాయాగ్రాహకుడూ లేడు. ఉండకూడదు కూడా. వీధి ఛాయాగ్రహణానికి గడప ఒక సరిహద్దు.

ఈ సరిహద్దు విషయంలో ఛాయాగ్రాహకులలో ఎప్పుడూ రెండు మార్గాలవారు ఉన్నారు. ఫ్రెంచి దేశీయుడు ఆన్రీ కార్తియే-బ్రెసాఁ 1952లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఇంగ్లీషులో దానికి 'నిర్ణాయక క్షణం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరే లోకంలో నిలిచింది. ఫ్రెంచిలో ఉన్న అసలు పేరు వేరు. అనుమతి లేకుండా వీధిలో సరుకు పరచి, పోలీసు కనిపించగానే మూట కట్టుకుని పరుగెత్తే చిల్లరవర్తకుని పద్ధతి ఆ మాటలో ధ్వనిస్తుంది. ఎదుటివానికి తెలియకముందే బొమ్మ తీసుకుని తప్పుకొనటం అన్నమాట. ఆయన 1951లో ఇటలీలోని అబ్రుత్సి కొండలలో, స్కాన్నో అనే ఊరిలో తీసిన ఫోటోలు ఆ పద్ధతిలోనివే.

రెండవ మార్గానికి అమెరికా దేశీయుడు పాల్ స్ట్రాండ్ ఉదాహరణ. ఈయన కథ చిత్రమైనది. 1916లో న్యూయార్కు వీధులలో ఈయన కెమెరాకు పక్కగా ఒక బూటకపు కటకం బిగించి, తాను వేరొకవైపు చూస్తున్నట్లు నటిస్తూ బీదవారి ముఖాలను తీశాడు. వారిలో ఒక గ్రుడ్డి స్త్రీ ఉన్నది. చూడలేని మనిషిని చాటునుంచి చూడటం! ఆ చిత్రం గొప్పదనటంలో సందేహం లేదు. దానిని చూచిన ప్రతిసారీ నాకు కొంత ఇబ్బందిగా ఉంటుంది. అదే స్ట్రాండ్ 1953లో ఉత్తర ఇటలీలోని లుజ్జారా అనే పల్లెకు వెళ్ళినప్పుడు పద్ధతి పూర్తిగా మార్చివేశాడు. కెమెరాను ఎదురుగా నిలబెట్టి, ఎదుటివారికి తెలిసి, వారు సిద్ధపడిన తరువాతనే ఫోటోలు తీశాడు. ఆ ఊరివాడే అయిన రచయిత చెజారే జవత్తీనీ ఆ ప్రజల మాటలను వ్రాసి చేర్చాడు. 1955లో అది పుస్తకంగా వెలువడింది. ఇంటిగుమ్మంలో తల్లీ, ఆమె చుట్టూ ఎదిగిన కొడుకులూ ఉన్న చిత్రం అందులో అందరూ ఎరిగినది. వారెవరూ నవ్వటం లేదు. వారినుంచి ఏదీ దొంగిలించబడలేదని చూడగానే తెలుస్తుంది.

మూడవ దారి కూడా ఒకటి రోములోనే పుట్టింది; దానిని నేను మెచ్చుకోలేను. తాత్సియో సెక్కియరోలీ అనే ఆయన (ఈయన పుట్టినదీ 1925లోనే) మొదట రోము వీధులలో యాత్రికులకు ఫోటోలు తీసి అమ్ముకుని బ్రతికాడు. తరువాత సినిమాతారలను వెంటాడి, వారు కోపగించుకున్నప్పుడు తీసిన ఫోటోలతో ప్రసిద్ధికెక్కాడు. ఫెల్లీనీ 1960లో తీసిన చలనచిత్రంలో పాపరాత్సో అనే ఛాయాగ్రాహకుని పాత్రకు ఈయనే ప్రేరణ అంటారు. నేడు ప్రపంచభాషలన్నిటిలోనూ వాడుకలో ఉన్న 'పాపరాజీ' అన్న మాట అక్కడనుంచి వచ్చినది.

ఇటలీ చట్టం ఈ విషయంలో ఆలోచించి చెప్పినట్లు కనిపిస్తుంది. 1941 నాటి రచయితల హక్కుల చట్టం, 96వ నిబంధన ప్రకారం, ఒకరి రూపచిత్రాన్ని వారి సమ్మతి లేకుండా ప్రదర్శించరాదు. 97వ నిబంధన కొన్ని మినహాయింపులు ఇచ్చింది. బహిరంగంగా జరిగే ఉత్సవాలకు సంబంధించిన చిత్రాలు అందులో ఒకటి. కనుక మరీనో కూడలిలో కెమెరా పట్టుకున్నవారికి చట్టం అడ్డురాదు. కాని ఆ వెంటనే మరొక మాట ఉన్నది: ఆ ప్రదర్శనవల్ల ఆ వ్యక్తి గౌరవానికో, మర్యాదకో భంగం కలిగేటట్లయితే ఆ మినహాయింపు చెల్లదు. నోరు తెరచి నమలుతున్న మనిషి, మూడవ గ్లాసు తరువాత గోడకు చేరగిలబడిన మనిషి, ఈ రెండవ మాటక్రిందికి వస్తారో రారో న్యాయవాదులు తేల్చవలసినది. మన ముసలమ్మలు మాత్రం ఎప్పుడో తేల్చివేశారు.

మా వృత్తిలో కూడా ఇదే సమస్య. నెల్లూరు రొట్టెల పండుగలో చెరువుగట్టున మైకు పట్టుకుని నిలబడితే, రొట్టె ఇచ్చిపుచ్చుకునేవారి మాటలు ఎంతో సహజంగా వినవస్తూ ఉంటవి. మైకు దగ్గరకు తీసుకువెళ్ళి 'అమ్మా, మీరేమి కోరుకున్నారు?' అని అడగగానే ఆ గొంతు మారిపోతుంది. పుస్తకం చదివినట్లు మాట్లాడుతుంది. అడగకపోతే దొంగతనం, అడిగితే నటన. దీనికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే. చాలాసేపు అక్కడే ఉండటం. మొదటి అరగంట అందరూ మైకును చూస్తారు. గంట గడచిన తరువాత అది చెట్టుకొమ్మతో సమానం. ఫోటోలకు కూడా ఇది వర్తిస్తుంది. మరీనోలో నేను నిలబడిన మెట్టుమీద మొదట నన్ను చూచి చేయి ఊపినవారు, వేళ్ళతో విజయచిహ్నం చూపినవారు, చీకటిపడే వేళకు నా ఉనికిని మరచిపోయారు. నేను దాగి లేను. కెమెరా అందరికీ కనబడుతూనే ఉన్నది.

కెమెరా విద్యలో అభిరుచి గలవారికోసం రెండు సాంకేతిక విషయాలు. ఇరుకువీధులలో ఫోకసు సరిచూచుకునే వ్యవధి ఉండదు. 35 మిల్లీమీటర్ల కటకం పెట్టుకుని, ఎపర్చరు 8 వద్ద, దూరం 3 మీటర్లకు ముందే అమర్చి ఉంచితే, సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల వరకు ఉన్నదంతా స్పష్టంగానే వస్తుంది. ఇక కంటికి పని చెప్పవలసినది మనుషులను గమనించటమే. రెండు మీటర్లు అంటే మనం పలకరిస్తే వినపడే దూరం. దూరపువాటిని దగ్గరగా చూపే పెద్ద కటకాలు ఉన్నవి. వాటితో వీధి అవతలనుంచే ఒకరి పంటిలో ఇరుక్కున్న గింజను కూడా తీయవచ్చును. వాటిని నేను ఇంటిదగ్గర వదలివెళ్ళాను. ఈనాడు ప్రతి చేతిలోనూ ఫోను ఉన్నది కనుక తీసేవారికీ తీయబడేవారికీ భేదం తగ్గిపోయింది. ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో ఫోను పట్టుకుని తమ్ము తామే తీసుకుంటున్నవారు వరుస పొడుగునా కనిపిస్తారు. వారిని ఎవరూ దిష్టి పెట్టనక్కరలేదు, పాపం.

ఫౌంటెను సంగతి ఒకటి మిగిలి ఉన్నది. దాని పేరు 'నాలుగు మూర్ల ఫౌంటెను'. పదిహేడవ శతాబ్దంలో, ఆ ప్రాంతపు బూడిదరంగు రాతితో చెక్కినది. నడుమ ఒక స్తంభం. కొలొన్నా అంటే ఇటాలియనులో స్తంభమని అర్థం. అది ఆ వంశానికి చిహ్నం. ఆ స్తంభానికి బంధింపబడి నలుగురు మూర్లు ఉన్నారు. లెపాంటో విజయానికి స్మారకంగా చెక్కిన బందీలు. 1944లో బాంబుదాడులకు ఆ పట్టణమూ, ఈ ఫౌంటెనూ దెబ్బతిన్నవి. తరువాత తిరిగి నిలబెట్టారు. పండుగనాడు జనం సంబరమంతా ఆ బందీల కాళ్ళదగ్గరనే జరుగుతుంది. నేను తరువాత వెదకి చూచిన ఫోటోలలో చాలావాటిలో ఆ విగ్రహాలు నడుముదాకానో భుజందాకానో కత్తిరించబడి ఉన్నవి, లేదా జనం తలల వెనుక మసకగా ఉన్నవి. ఎవరూ కావాలని చేసినది కాకపోవచ్చును. చూపు గ్లాసుమీద ఉన్నప్పుడు రాయి కనబడదు. వాటిని చట్రంలోకి తెచ్చుకుంటే పండుగ చెడిపోతుందని నేను అనుకోను. నవ్వుతూ గ్లాసు చాపిన చేయీ, దాని పైన సంకెళ్ళలో ఉన్న రాతిమనిషీ ఒకే ఫోటోలో ఉండటం ఆ ఊరి చరిత్రకు న్యాయం.

మన శ్రోతల పిల్లలలో చదువులకై ఇటలీ వెళ్ళినవారు కొందరు ఉన్నారని మాకు వచ్చే ఉత్తరాలవల్ల తెలుస్తున్నది. వారు కెమెరా పట్టుకుని ఈ పండుగకు వెళ్ళదలిస్తే, రోములోని టెర్మినీ స్టేషనులో అల్బానో వెళ్ళే చిన్న రైలు ఎక్కి మరీనోలో దిగవచ్చును. ఊరేగింపు వేళకు కాక ఉదయమే చేరుకొనటం మంచిది. అప్పటికి కూడలిలో జనం ఉండరు. బాల్కనీలకు ద్రాక్షగుత్తులు కట్టే ఆడవారూ, బల్లలు వేసే అంగళ్ళవారూ మాత్రమే ఉంటారు. ఆ బూడిదరంగు రాతిని తీరిగ్గా చూడటానికి అదే అదను. అడిగితే ఎవరో ఒకరు ఒక గుత్తి కోసి చేతిలో పెడతారు కూడా.